ఒకే తుఫాను, పక్కపక్క చేలు, రెండు ఖాతాలు: బాపట్ల జిల్లాలో ఒక కౌలు రైతు ఇన్‌పుట్ సబ్సిడీ కేసు

మిచౌంగ్ తీవ్ర తుఫాను 2023 డిసెంబర్ 5 మధ్యాహ్నం బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి, వాటికి తోడు ఆగని వాన. కృష్ణా పశ్చిమ డెల్టాలో అది సార్వా, అంటే ఖరీఫ్ వరి, కోతల సమయం. కొన్ని చేలు కోతకు వచ్చి నిలబడి ఉన్నాయి, కొన్ని కోసి పనల మీద ఉన్నాయి, కొన్ని కుప్పలు వేసి ఉన్నాయి. పదిహేను, ఇరవై రోజులు ఆగి వచ్చి ఉంటే చాలా ధాన్యం ఒడ్డుకు చేరేది. పైగా ఆ ఏడు కాలవల్లో నీళ్ళు చాలక, ఆయకట్టు చివర ఊళ్ళలో ఇంజన్లు పెట్టి తడులు ఇచ్చి ఆ పంటను అక్కడిదాకా తెచ్చారు. ఎండాకాలం అప్పులు, డీజిల్ అప్పులు అన్నీ ఆ వెన్నుల మీదే ఉన్నాయి.

నేను ఈ ప్రాంతంలో కౌలు రైతుల కాగితాల పని చూసే ఒక చిన్న బృందంలో పనిచేస్తాను. సాగు హక్కు కార్డులు, ఏ పొలంలో ఏ పంట ఎవరు వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-క్రాప్ నమోదు, బ్యాంకు పనులు, బీమా, నష్టపరిహారం మా పని. ఇక్కడ ఒక్కరి కేసు రాస్తున్నాను. ఆమె ఒప్పుకున్నాకే, పేరూ ఊరూ చెప్పకుండా రాస్తున్నాను. ఆమె ఇద్దరు యజమానుల దగ్గర రెండేసి ఎకరాలు, మొత్తం నాలుగు ఎకరాలు కౌలుకు చేస్తుంది. ఆ రెండు చెక్కలూ పక్కపక్కనే, మధ్యలో ఒక్క గట్టు. విత్తనం ఒకటే, నాటింది ఒకే వారం, మునిగింది ఒకే రోజు. ప్రభుత్వ సాయం మాత్రం ఒక చెక్కకే ఆమె చేతికి వచ్చింది. తేడా అంతా ఒక సంతకంలో ఉంది, ఆ సంతకం సంగతి తుఫానుకు చాలా ముందే తేలిపోయింది. ఈ కేసు గురించి నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే: తుఫాను డబ్బు ఎవరికి వెళ్ళాలో జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యలో కాగితాల మీద నిర్ణయమైపోతుంది. డిసెంబర్‌లో మనం చేసే పోరాటం చాలా వరకు ఎంత నష్టం రాశారన్న దాని గురించే. ఎవరి పేరు రాశారన్నది అప్పటికే అయిపోయిన పని.

సాయం లెక్క

పంట నష్టానికి ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ విపత్తు నిధి నిబంధనల ప్రకారం వస్తుంది. రాష్ట్ర విపత్తు నిధిలో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. మిచౌంగ్ నాటికి అమల్లో ఉన్న రేట్లు హెక్టారుకు ఇలా ఉన్నాయి: వర్షాధార పంటకు 8,500, నీటి వసతి ఉన్న పంటకు 17,000, తోటలకు 22,500 రూపాయలు. ఒక రైతుకు రెండు హెక్టార్ల వరకే ఇస్తారు. నష్టం 33 శాతం కావాలి. 2015కు ముందు ఇది 50 శాతం ఉండేది.

మన ఎకరాల్లోకి మార్చుకుంటే నీటి పారుదల కింద ఉన్న వరికి ఎకరాకు సుమారు 6,880 రూపాయలు. ఆ సీజన్‌లో ధాన్యం మద్దతు ధర క్వింటాల్‌కు సాధారణ రకానికి 2,183, ఏ గ్రేడ్‌కు 2,203. 75 కిలోల బస్తా 1,640 చొప్పున వేసుకుంటే ఎకరాకు వచ్చే సాయం నాలుగు బస్తాల ధర, ఇంకా కొంచెం. ఆమె కౌలు ఎకరాకు 18 బస్తాలు. పెట్టుబడి కౌలు కాకుండానే ముప్పై వేలు దాటింది. ఈ సొమ్ము నష్టాన్ని పూడుస్తుందని ఎవరూ అనరు, నిబంధనల్లోనూ ఆ మాట లేదు. తరవాతి పంటకు విత్తనం, ఎరువు కొనుక్కోవడానికి ఇచ్చే చేయూత ఇది. అందుకే దీన్ని ఇన్‌పుట్ సబ్సిడీ అంటారు. అందువల్ల ఎంత ఇచ్చారన్నదానితో పాటు ఎప్పుడు ఇచ్చారన్నదీ ముఖ్యమే.

33 శాతం దగ్గర ఒక పెద్ద ఇబ్బంది ఉంది. నష్టం 30 శాతం అని రాస్తే రూపాయి రాదు. 35 శాతం అని రాస్తే పూర్తి రేటు వస్తుంది. 90 శాతం పోయినవారికీ అదే రేటు. అంత కీలకమైన అంకెను చాలా సందర్భాల్లో గట్టు మీద నిలబడి కంటితో చూసి వేస్తారు. అంచనా వేసే ఉద్యోగి మీద ఇది ఎంత ఒత్తిడో నేను దగ్గరుండి చూశాను. ఒక్కో గ్రామ వ్యవసాయ సహాయకుడు తడిసిన బూట్లతో రోజంతా వందల సర్వే నంబర్లు తిరగాలి, రాత్రికి యాప్‌లో ఎక్కించాలి. తప్పు ఆ మనిషిది అని నేను అనుకోను.

సంతకం

ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇస్తారు. భూమి మీద ఏ హక్కూ రాదని, పంట మీద మాత్రమే హక్కు అని చట్టంలోనే స్పష్టంగా ఉంది. అంతకు ముందు 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులు ఉండేవి, వాటికి యజమాని సంతకం అక్కర్లేదు. 2019 కార్డుకు యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి.

ఆమె మొదటి యజమాని రిటైరైన టీచరు, పక్క పట్నంలో ఉంటారు. జూన్‌లో కాగితం తీసుకెళ్తే చదివి, రెండు ప్రశ్నలు అడిగి సంతకం పెట్టారు. రెండో యజమాని హైదరాబాద్‌లో ఉంటారు. ఆయన పెట్టలేదు. ఫోన్‌లో చాలాసేపు మాట్లాడాను. "రేపు ఆ కార్డు పట్టుకుని కోర్టుకెళ్తే నేనేం చెయ్యాలండీ?" అన్నారు. కౌలుదారును తేలిగ్గా ఖాళీ చేయించనివ్వని 1956 కౌలు చట్టం నాటి భయం డెల్టా యజమానుల కుటుంబాల్లో ఇంకా పోలేదు, ఆ చట్టం పేరు తెలియనివాళ్ళకు కూడా. ఆయన చెప్పిన రెండో కారణం మరింత గట్టిది. ఆ సర్వే నంబరు మీద ఆయనకు పంట రుణం ఉంది. అదే భూమికి కౌలు కార్డు వస్తే రెన్యువల్‌కు బ్యాంకు అడ్డు చెబుతుందని ఆయన టెన్షన్. ఇది ఊహ కాదు. ఒకే భూమి మీద ఇద్దరికి పంట రుణం ఇవ్వడానికి బ్యాంకులు ఒప్పుకోవు, యజమాని రుణం అప్పటికే ఉంటే కౌలు రైతు కార్డు బ్యాంకులో పనికిరాదు. కాబట్టి ఆయన్ను చెడ్డవాడిగా చూపించడం నాకు ఇష్టం లేదు. సంతకం పెడితే తనకు పోయేది స్పష్టంగా కనిపిస్తుంటే, వచ్చేది ఏమీ లేనప్పుడు చాలామంది ఆయనలాగే చేస్తారు.

సెప్టెంబర్‌లో ఈ-క్రాప్ నమోదు జరిగింది. పొలంలో ఫొటో, సర్వే నంబరు, పంట, రకం, సాగుదారు ఆధార్, వేలిముద్ర. టీచరు గారి రెండెకరాలకు కార్డు చూపించి ఆమె వేలిముద్ర వేసింది. రెండో చెక్క యజమాని పేరు మీదే ఎక్కింది, ఆయన తరఫు బంధువు వచ్చి ఈ-కేవైసీ పూర్తి చేయించారు. ఆ రోజు ఆమె అదే చేలో కలుపు తీస్తోంది.

నీళ్ళలో ఉన్న పంటకు రుజువు

ఆమె పొలం కాలవకు చివర, మురుగు కాలవకు దగ్గర. నల్లమడ లాంటి పెద్ద డ్రెయిన్లు నిండితే చిన్న మురుగు కాలవల నీళ్ళు కదలవు, వెనక్కి తంతాయి. వాన ఆగాక కూడా ఆమె చేలో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. వేసింది సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఈ బాపట్లలోనే పుట్టిన రకం. మంచి ధర పలుకుతుంది, తినడానికి బాగుంటుంది, కానీ గాలికి పడిపోతుంది. కోయకుండా ఉన్నదంతా పడిపోయింది. నాలుగో రోజుకు వెన్నుల్లో మొలకలు కనిపించాయి.

ఇక్కడే రైతుకు ఒక ఘోరమైన ఇరకాటం వస్తుంది. పంటను కాపాడాలంటే వెంటనే నీళ్ళు తోడాలి, పడిన దుబ్బులు లేపి జుట్లు కట్టాలి, మొలక ఆగడానికి లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపిన ద్రావణం కొట్టాలి. వ్యవసాయ శాఖ ఇచ్చే సలహా కూడా ఇదే. కానీ ఆ పని చేస్తే అంచనా బృందం వచ్చేసరికి చేను కాస్త కుదురుగా కనిపిస్తుంది. "బాగానే ఉందిగా" అని 33 కింద రాస్తే కష్టపడినందుకే సాయం పోతుంది. ఏమీ చేయకుండా బృందం కోసం ఎదురు చూస్తే ఉన్న గింజా పోతుంది. ఆమె నన్ను అడిగిన మాట ఇదే: "ఉప్పు కొట్టమంటావా తమ్ముడూ, వాళ్ళు వచ్చిందాకా ఉంచమంటావా?"

కొట్టమన్నాం. కొట్టే ముందు రుజువు పెట్టుకున్నాం. ఒక్కో చెక్కకు నాలుగు వైపుల నుంచీ తేదీ, లొకేషన్ పడేలా ఫొటోలు తీశాం. గట్టు రాయి, పక్క రైతు కనిపించేలా ఒకటి, వెన్ను చేతిలో పట్టుకుని మొలక కనిపించేలా ఒకటి. రెండు చెక్కల ఫొటోలూ సర్వే నంబర్లతో కాగితం మీద రాసి, పక్క చేల రైతులతో సంతకం పెట్టించి, రైతు భరోసా కేంద్రంలో ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఈ రసీదు చాలా పని చేసింది. బృందం వచ్చినప్పుడు రోడ్డు పక్క చేలతో మొదలుపెట్టారు. చివర చేల సర్వే నంబర్ల జాబితా మా చేతిలో ఉండడంతో, వాళ్ళను అడిగి వెంటబెట్టుకుని లోపలికి తీసుకెళ్ళాం. ఆమె నాలుగెకరాలకూ నష్టం 33 శాతం పైనే నమోదైంది.

టీచరు గారి చెక్కలో కొంత అప్పటికే కోసి పనల మీద ఉంది. దాన్నీ లెక్కలో వేశారు. కానీ కుప్ప వేసినదాన్ని మా ఊళ్ళో ఎవరికీ వేయలేదు. చేలో ఉన్నదే పంట, కుప్ప వేస్తే అది ధాన్యం అన్నది వాళ్ళ లెక్క. పక్క వీధిలో ఒకాయన తుఫాను కబురు వినగానే కూలీలకు రెట్టింపు ఇచ్చి కోయించి కుప్ప వేశారు. టార్పాలిన్ గాలికి లేచిపోయి కుప్ప అడుగు నుంచి తడిసి వేడెక్కింది. అందరికంటే ముందు మేలుకున్న ఆ రైతు పేరు ఏ జాబితాలోనూ లేదు. బీమా పథకంలో కోసి ఆరబెట్టిన పంటకు 14 రోజుల వరకు రక్షణ ఉంటుంది, ఇన్‌పుట్ సబ్సిడీకి అలాంటి నియమం లేదు. నిబంధనల్లో మార్చాల్సినవాటిలో నేను ముందు పెట్టేది దీన్నే. పంటను కాపాడుకోవడానికి ప్రయత్నించినవాడు నష్టపోకూడదు.

జాబితా గోడ మీద పడ్డాక

సామాజిక తనిఖీ కోసం జాబితాను రైతు భరోసా కేంద్రంలో అంటించారు. టీచరు గారి చెక్క ఎదురుగా ఆమె పేరు, రెండో చెక్క ఎదురుగా యజమాని పేరు. "చేసింది నేనే కదా, సగానికే నా పేరు ఎందుకుంది?" అంది. అభ్యంతరం రాసి ఇచ్చాం. విస్తీర్ణం, పంట, నష్టం శాతం ఇవి తప్పుంటే సరిచేస్తారట. సాగుదారు పేరు ఈ-క్రాప్ నుంచి వస్తుంది కాబట్టి ఇప్పుడు మార్చలేమన్నారు. కఠినంగా ఏమీ చెప్పలేదు, ఉన్నదే చెప్పారు. అభ్యంతరాల గడువు ఉన్నా, అన్నిటికంటే పెద్ద తప్పును సరిచేసే వీలు ఆ గడువులో లేదు.

2024 మార్చి 6న రాష్ట్ర ప్రభుత్వం ఖరీఫ్ కరవుకూ మిచౌంగ్‌కూ కలిపి 11.59 లక్షల మంది రైతులకు 1,294.58 కోట్ల రూపాయల ఇన్‌పుట్ సబ్సిడీ విడుదల ప్రకటించింది. సగటు తీస్తే రైతుకు 11 వేల పైచిలుకు. మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ఖాతాల్లో సొమ్ము పడకుండానే కోడ్ అమల్లోకి వచ్చింది. పోలింగ్‌కు ముందు పథకాల సొమ్ము జమ చేయొద్దని ఎన్నికల సంఘం అంది. విషయం హైకోర్టుకు వెళ్ళింది. ఆ ఆగిన సొమ్ములో ఈ ఇన్‌పుట్ సబ్సిడీ కూడా ఉంది. మే 13న పోలింగ్ అయ్యాకే ఆమెకు జమ అయింది.

ఈ ఐదు నెలల్లో ఏం జరిగిందో చూడాలి. డిసెంబర్ చివర ఆమె అదే నేలలో మినుము చల్లింది. విత్తనానికీ మందులకూ రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చింది. సబ్సిడీ వచ్చేసరికి మినుము కోసి అమ్మేసింది కూడా. రెండెకరాలకు ఆమెకు వచ్చిన 13,760 రూపాయల మీద ఐదు నెలల వడ్డీ లెక్కేస్తే 1,376. అంటే పదో వంతు చేతికి రాకముందే పోయింది. పంట నష్టాన్నీ ఎన్నికల కోడ్‌నూ ఒకే గాట కట్టకుండా, అంచనా పూర్తయిన విపత్తు సాయానికి ముందే స్పష్టమైన మినహాయింపు రాసి ఉంచితే ఈ ఇబ్బంది రాదు.

జమ అయిందన్న మెసేజ్ కూడా ఆమెకు రాలేదు. తన పాస్‌బుక్‌లో చూస్తే లేదు. ఆధార్‌కు జత అయిన ఖాతాలోకే సొమ్ము వెళ్తుంది. ఆమె ఆధార్ ఎప్పుడో ఉపాధి హామీ పనుల కోసం తెరిచిన పాత ఖాతాకు ముడిపడి ఉంది. డబ్బు అక్కడ పడి ఉంది. ఆ ఖాతా చాలాకాలంగా వాడకపోవడంతో ఆగిపోయి ఉంటే మళ్ళీ కేవైసీ చేయించి తీశాం. "డబ్బు రాలేదు" అని మా దగ్గరకు వచ్చే కేసుల్లో ముందు చూడాల్సింది ఇదే. బ్యాంకులోనో మీసేవలోనో ఆధార్ ఏ ఖాతాకు మ్యాప్ అయి ఉందో అడిగితే నిమిషంలో చెప్తారు.

కౌలు దగ్గర లెక్క

ప్రభుత్వ సాయం ఎకరాకు నాలుగు బస్తాల ధర అని పైన రాశాను. అందుకే కౌలులో ఎన్ని బస్తాలు తగ్గించారన్నది రైతుకు అంతకంటే పెద్ద విషయం. దీన్ని ఏ శాఖా నమోదు చేయదు, ఏ సమీక్షలోనూ మాట్లాడరు. ఆమె ధాన్యం మామూలు దిగుబడిలో సగం కూడా రాలేదు, వచ్చింది రంగు మారింది. మద్దతు ధర కొనుగోలుకు తేమ 17 శాతం లోపు ఉండాలి, రంగు మారిన, మొలకెత్తిన గింజలకు హద్దు ఉంది. చివరకు బయటి వ్యాపారికి బస్తా పదకొండు వందలకు అమ్మింది. ఆ స్థితిలో 18 బస్తాల కౌలు కట్టడం జరిగే పని కాదు.

టీచరు గారు తానే ఎకరాకు ఆరు బస్తాలు తగ్గించారు. రెండెకరాలకు 12 బస్తాలు, మద్దతు ధరలో సుమారు 19,700 రూపాయలు. సబ్సిడీ 13,760 కూడా ఆమెకే వచ్చింది. అంటే ఆ చెక్క మీద ఆమెకు అందిన ఊరట 33 వేలు దాటింది. రెండో యజమాని పెద్దమనుషుల మాట మీద ఎకరాకు నాలుగు బస్తాలు తగ్గించారు. ఎనిమిది బస్తాలు, సుమారు 13,100. ఆయన ఖాతాలో పడిన సబ్సిడీ 13,760. ఆయన సొంత జేబు నుంచి ఏమీ ఇవ్వలేదు, ప్రభుత్వం ఇచ్చినదాన్నే కౌలు తగ్గింపు రూపంలో ఆమెకు చేర్చారు. ఆయన మాత్రం ఎకరాకు నాలుగు బస్తాలు వదులుకున్నానని నిజాయతీగానే నమ్ముతున్నారు. గట్టుకు ఇటు 33 వేలు, అటు 13 వేలు.

ఈ తేడా చూశాక మా పని పద్ధతిలో ఒకటి మార్చాం. నష్టం జాబితా అంటించిన వారంలోనే కౌలు తగ్గింపు మాట్లాడిస్తున్నాం. అప్పటికి ప్రభుత్వమే నష్టాన్ని రాసి సంతకం పెట్టి గోడకు అంటించింది కాబట్టి యజమానితో "నిజంగా అంత పోయిందా" అనే వాదన ఉండదు. సొమ్ము ఎప్పుడు పడినా, కౌలు మాట అప్పుడే తేలిపోవాలి.

ఆ తరవాత రేటు పెరిగింది. 2024 సెప్టెంబర్ వరదల తరవాత రాష్ట్రం వరికి హెక్టారుకు 25,000, అంటే ఎకరాకు పది వేలు ఇచ్చింది. కేంద్ర నిబంధనలో అప్పటికి 17,000 అలాగే ఉంది, పైది రాష్ట్రం భరించింది. మంచి నిర్ణయం. కానీ పేరు మారకపోతే పెరిగిన మూడు వేలు కూడా యజమాని ఖాతాకే వెళ్తాయి. తెలంగాణలో 2023 మార్చి వడగళ్ళ వానల తరవాత ఎకరాకు పది వేలు ప్రకటించినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు కౌలు రైతులకూ అందేలా చూస్తామన్నారు. ఉద్దేశం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. చేలో ఎవరున్నారో గుర్తించే పద్ధతి దగ్గరే ఆగిపోతున్నాం. యజమాని సంతకం లేకుండా కార్డు ఇవ్వాలని కౌలు రైతు సంఘాలు ఏళ్ళుగా అడుగుతున్నాయి. నా అభిప్రాయం కూడా అదే, కాకపోతే బ్యాంకు రుణం ముడి విప్పకుండా ఆ ఒక్కటే చేస్తే యజమానులు భూమి ఇవ్వడమే మానేస్తారు. సాయానికి సంబంధించినంతవరకు పక్క చేల రైతులు ఇద్దరు, గ్రామ వ్యవసాయ సహాయకుడు కలిసి ధ్రువీకరిస్తే ఈ-క్రాప్‌లో సాగుదారుగా ఎక్కించే వీలు ఉండాలి. దానికీ రుణానికీ సంబంధం లేదని బ్యాంకులకు రాతపూర్వకంగా చెప్పాలి. ఊళ్ళో ఏ చేను ఎవరు చేస్తున్నారో తెలియనివాళ్ళు ఎవరూ ఉండరు.

2024 జూన్‌లో టీచరు గారు మళ్ళీ సంతకం పెట్టారు. రెండో యజమాని పెట్టలేదు. ఆమె ఆ రెండెకరాలు వదిలేద్దామనుకుంది, కానీ దగ్గర్లో వేరే భూమి దొరకలేదు. చివరకు యజమాని బంధువు ఎదురుగా ఒక తెల్ల కాగితం మీద మూడు మాటలు రాయించాం. నష్టం 33 శాతం దాటినట్టు ప్రభుత్వ జాబితాలో పడితే ఎకరాకు ఆరు బస్తాల కౌలు తగ్గాలి. ఆ చేను మీద యజమాని ఖాతాలో పంట నష్టం సొమ్ము పడితే పది రోజుల్లో ఆమె ఖాతాకు పంపాలి. ఈ రెండూ వేరువేరు, ఒకదాన్ని రెండోదాంట్లో సర్దకూడదు. ఆయన ఫోన్‌లో విని ఒప్పుకున్నారు, బంధువు సంతకం పెట్టారు, టీచరు గారు సాక్షి. ఆ సీజన్‌లో అదే ఊళ్ళో మరికొందరు కౌలు రైతులు ఆ కాగితాన్ని చూసి రాయించుకున్నారు.